అరవై ఒకటి

బడి తలుపుకి అంటించిన కాగితం మీద
మా పార్టీకి ఎదురుగా అరవై ఒకటి.
పోయినసారి నూట నలభై.
అంతకు ముందు సంగతి అడక్కండి,
ఆ రోజుల్లో మేం మాకు పడ్డ ఓట్లు లెక్కపెట్టేవాళ్లం కాదు,
పడనివి లెక్కపెట్టేవాళ్లం.

ఆ రాత్రి శాఖ ఆఫీసులో ఒక్కణ్ణే కూర్చుని
డామినోల డబ్బా మీద కాగితం పెట్టుకుని పేర్లు రాశాను.
ఆలెన్తేజు ఎండలో ఆరబెట్టిన గుప్పెడు ఇళ్లు, మోంత్ ద రోలా.
ఇక్కడ ఎవరు ఎవరికి వేశారో చెప్పడానికి దేవుడక్కర్లేదు,
రొట్టెలమ్మే ఎర్మెలిందా చాలు.

కార్క్ చెట్ల బెరడు ఒలిచే ఇదలేసియు, వాడి ఇద్దరు తమ్ముళ్లు.
మంగలి కుస్తోదియు:
గడ్డం గీస్తూ మాకే వేశానన్నాడు,
కత్తి వాడి చేతిలో ఉంది కదా,
భయపడి అబద్ధమాడాల్సింది నేను, వాడు కాదు.
తొంభై ఒకటేళ్ల జెర్త్రూదిస్‌ని కుర్చీతో సహా మోసుకెళ్లాం.
పాతికేళ్ల లోపువాళ్లలో క్వితేరియా ఒక్కతే,
అదీ తాత తన మోటారుసైకిల్ ఇస్తానన్నాడని.

కూడితే అరవై రెండు.
ఆలివ్ గింజలు పోసి మళ్లీ లెక్కపెట్టాను.
అరవై రెండే.

అంటే ఒకరు నా మొహం మీద సరే అని
తెర వెనక్కి వెళ్లాక చెయ్యి తిప్పేశారు.

వారం రోజులు నాకు నిద్ర లేదు.
ఇదలేసియు దగ్గినా అనుమానమే.
జెర్త్రూదిస్ చెయ్యి వణికి పక్క గడిలో గుర్తు పెట్టిందేమోనని
ఆవిడ వేళ్లు పట్టుకుని చూశాను, పాపం,
పలకరించడానికి వచ్చాననుకుని ఏడ్చింది.

జిల్లా నుంచి ఒక కామ్రేడ్ వచ్చాడు, లాప్‌టాప్‌తో.
ఓటరుని వెనక్కి రప్పించే తొమ్మిది మెట్లు.
తొమ్మిదో మెట్టు మీద జెండా రంగు కాస్త లేతగా ఉంది.
నాకు ఒకటి తగ్గిందయ్యా, అది ఏ మెట్టు మీద జారింది అన్నాను.
ఒకటి లెక్కలోకి రాదన్నాడు.

ఆదివారం చొక్కా ఉతకబోతూ
జేబులో కాగితం చూసింది జుల్మీరా.
వెల్లుల్లి, కొత్తిమీర దంచుతున్న చేత్తోనే పెన్సిల్ అందుకుని
ముప్పై ఎనిమిదో పేరు కొట్టేసింది.
అది తన పేరు.
ఆలోచించకుండా రాసిన పేరు అదొక్కటే.

"నలభై మూడేళ్లుగా ఊళ్లో ప్రతి తలుపూ తట్టావు ఫ్లోరివాల్,
నన్ను ఒక్కసారి అడిగావా?"
రొట్టె ముక్కల మీద మరిగే నీళ్లు పోసింది.
"మంగళవారం బస్సు తీసేశారని మూడుసార్లు చెప్పాను.
కంటి డాక్టర్ దగ్గరికి ఎలా వెళ్లనన్నాను.
కమిటీలో పెడతానన్నావు.
నువ్వు పాముపిల్ల అని తిట్టే ఆ కుర్రాడు
తన బండిలో రెండుసార్లు తీసుకెళ్లాడు."

వాడికి వేశావా?

"లేదు. ఖాళీగా మడిచి వేశాను."

బడి దగ్గరికి నడిచాను.
వానకి కాగితం సగం ఊడింది.
అట్టడుగున, నేనెప్పుడూ చదవని వరుస,
ఖాళీ ఓట్లు: పదిహేడు.

మంగళవారం పార్టీ వ్యాన్ తీశాను.
పైన మైకు ఉంది, అది నోరు మూసుకుంది, నేనూ మూసుకున్నాను.
జుల్మీరా నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది,
పెళ్లినాడు కూర్చున్నంత బిగుసుకుని.
ఊరి చివర, బస్సు రాని బస్‌స్టాప్‌లో
ఇద్దరు ఆడవాళ్లు సంచులతో నిలబడి ఉన్నారు.
వాళ్ల పేర్లు నా కాగితం మీద లేవు.

"ఆపు" అంది.
"ఎక్కించుకో. ఏమీ అనకు."

ఆపాను.
కరపత్రాల కట్ట వెనక సీటు మీంచి తీసి కాళ్ల కిందికి తోశాను.
ఏమీ అనలేదు.